శతావధానమును సంఖ్యల పట్టికలును

మా పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు కొందఱు వారమునకు రెండు సాయంకాలములు, ఇంటిగంట మ్రోగినపిమ్మటను, కంప్యూటరు గదిలో నిలిచియుందురు. వారికి మేము 'ఆర్' అను భాషను నేర్పుచున్నాము. ఇది జనులు మాటలాడుకొను భాష కాదు. లెక్కలను, అందును ముఖ్యముగా గణాంకములను, యంత్రముచేత చేయించుటకై కల్పింపబడినది. 1976వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ చేంబర్సును ఆయన సహచరులును ఆరంభించిన 'ఎస్' అను భాష దీనికి తల్లి. 1990 తరువాత న్యూజిలాండు దేశమున ఆక్లండు విశ్వవిద్యాలయమందు రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిరువురు దీనిని నిర్మించిరి. 2000 సం॥ ఫిబ్రవరి 29వ తేదీన 1.0.0 అను సంఖ్య గల కూర్పు వెలువడెను. దీనికి వెల లేదు. ఎవరైనను తమ యంత్రమున నెక్కించుకొనవచ్చును.

ఈ భాషలో మా విద్యార్థులను మిక్కిలి చిక్కుపెట్టునది కఠినమైన గణితము కాదు. రెండు చదరపు బ్రాకెట్ల నడుమ వ్రాయు చిన్న కామా. సంఖ్య ఉన్నచోట నేమి, సంఖ్య లేక ఖాళీ విడిచినచోట నేమి, ఆ కామాకు ఇరుప్రక్కల నేమున్నదో దానినిబట్టి జవాబు మాఱిపోవుచుండును. ఈ సంచికను చదువు తలిదండ్రులకు కామాను గూర్చి ఇంత ముచ్చట యేల యని తోచవచ్చును. కొంచెము ఓపికతో చదువుడని ప్రార్థించుచున్నాము. కామా తప్పినచో ఒక బాలిక ఉపకారవేతనమే తప్పిపోవలసియుండెను. ఆ కథ ముందు వచ్చును.

తరగతి మార్కుల పుస్తకమును తలంచుకొనుడు. విద్యార్థులు 40 మంది, విషయములు 6, పరీక్షలు 3. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క పుట. ప్రతి పుటలోను 40 అడ్డువరుసలు, 6 నిలువువరుసలు. మొత్తము 720 గదులు. ఇట్టి పుస్తకమునకు మూడు ముఖములు గలవని మేము చెప్పుదుము. ఇంగ్లీషున దీనిని 'అరే' యందురు. ఈ మాట వినినప్పుడెల్ల మా బాలురు వెనుక బల్లలనుండి ఒకరినొకరు 'అరే' యని పిలుచుకొని నవ్వుచుండుటచే మేము 'బహుముఖ పట్టిక' యను పేరునే వాడుచున్నాము. ఒక గదిని పిలువవలెనన్న మూడు సంఖ్యలు వలయును. మార్కులు[12, 4, 2] అనగా 12వ విద్యార్థికి 4వ విషయమున 2వ పరీక్షలో వచ్చినది. (ఈ పుటలయందు పేళ్లను తెలుగు లిపిలో వ్రాయుచున్నాము, యంత్రముకడ ఇంగ్లీషు అక్షరములనే కొట్టుదుము.)

ఇంతవరకు ఎవరికిని కష్టము లేదు. కాని యంత్రము లోపల పుటలును లేవు, నిలువువరుసలును లేవు. 720 సంఖ్యలును ఒకదాని వెనుక నొకటిగా ఒక్క పొడుగాటి వరుసలో నిలిచియుండును. వాని ప్రక్కన '40, 6, 3' అని వ్రాసిన చిన్న చీటీ యొకటి మాత్ర ముండును. ఆ చీటీ యున్నంతవఱకే అది పట్టిక. చీటీ తీసివేసిన వట్టి వరుస. అట్లయినచో ఆ వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక? ఇదియే అసలు ప్రశ్న. దీనిని మా విద్యార్థులకు బోధించుటకు మాకు మన శతావధానముకంటె మంచి సాధనము దొరకలేదు.

శతావధానమున నూర్గురు పృచ్ఛకులు కూర్చుందురు. అవధాని మొదటి పృచ్ఛకునకు పద్యము నాలుగు పాదములును ఒక్కమాఱు చెప్పివేయడు. మొదటివానికి మొదటి పాదము, రెండవవానికి మొదటి పాదము, ఇట్లు నూర్గురకును మొదటి పాదములు చెప్పి, మరల మొదటివానికడకు వచ్చి రెండవ పాదము నారంభించును. నాలుగు ఆవృత్తములైనపిమ్మట ధారణ. అప్పుడు మొదటి పృచ్ఛకుని పద్యమును నాలుగు పాదములతో వరుసగా చదివి, తరువాత రెండవవానిది, ఇట్లు నూఱు పద్యములను అప్పగించును. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గార్లు ఊరూర ఈ విద్యను ప్రదర్శించి ఆంధ్రదేశమునెల్ల ఉఱ్ఱూత లూగించిన సంగతి మన పెద్ద లెఱుగుదురు.

ఇప్పుడు ఆ సభను పట్టికగా నూహింపుడు. పద్య అనునది 100, 4 అను కొలతలు గల పట్టిక. మొదటి ముఖము పృచ్ఛకుడు, రెండవ ముఖము పాదము. అవధాని నోట వెలువడిన క్రమముననే ఆర్ భాష తన గదులను పేర్చుకొనును. అనగా మొదటి సూచిక త్వరత్వరగా తిరుగును. అది ఒక చుట్టు పూర్తిచేసినపిమ్మటనే రెండవది ఒక్క అడుగు కదలును. 37వ పృచ్ఛకుని నాలుగు పాదములు ఎక్కడెక్కడ నుండును? 37, 137, 237, 337 స్థానములయందు. పద్య[37, ] అని వ్రాసి రెండవ చోటు ఖాళీ విడిచినచో ఆ నాలుగును ఏరుకొని వచ్చి యంత్రము మన ముందుంచును. అదియే ధారణ. పద్య[ , 2] అని వ్రాసినచో 101 మొదలు 200 వఱకు, నూర్గురి రెండవ పాదములును వచ్చును. అది ఆవృత్తము. ఖాళీ యనగా ఏమియు లేదని కాదు. ఆ ముఖమున ఉన్నవన్నియు, దేని కది వేఱువేఱుగా, కావలెనని.

అవధానము రెండు దినములు సాగినచో మూడవ ముఖ మేర్పడును. 37వ పృచ్ఛకుని రెండవ పాదము, రెండవనాటిది, వరుసలో ఎన్నవది? మొదటి సూచిక 37. రెండవ సూచికనుండి ఒకటి తీసివేసి 100చే హెచ్చవేసిన 100. మూడవ సూచికనుండి ఒకటి తీసివేసి, ఒకనాటి పాదములైన 400చే హెచ్చవేసిన 400. మొత్తము 537. ముఖము లెన్నియైనను ఇదే మార్గము. ఇది తెలిసినవాడు యంత్రము నడుగకయే గదిని చూపగలడు.

ఈ పేర్పు ఆర్ భాష కల్పించినది కాదు. 1957లో ఐ.బి.ఎం. సంస్థవారు వెలువరించిన ఫోర్ట్రాన్ భాషలో నిట్లే యుండెను. ఎస్ భాష ఫోర్ట్రాన్ లెక్కల పుస్తకములపై ఆధారపడి పెరిగినది కావున తల్లినుండి బిడ్డకు వచ్చినది. 'సి' భాషవారు దీనికి వ్యతిరేకముగా చివరి సూచికను త్వరగా త్రిప్పుదురు. వారు మొదటినుండియు ధారణక్రమముననే పేర్చుకొందురన్నమాట. వారి లెక్కలో మనము చెప్పిన 537వ గది 292వ గది యగును. రెండింటిలో నేది మేలని తగవులాడువారు గలరు. మాకు ఆ తగవున ఆసక్తి లేదు. ఒక భాషవాడు పేర్చినదానిని వేఱొక భాషవాడు అడుగక చదివినప్పుడే ప్రమాదము.

ఆ ప్రమాదము చప్పుడు చేయదు. మార్కులను విద్యార్థి వెంట విద్యార్థిగా, ఒక్కొక్కరి ఆఱు మార్కులును చదివి కొట్టించుట మన అలవాటు. ఆ వరుసను తీసికొని 40, 6 అను చీటీ తగిలించినచో ఆర్ భాష తన క్రమమున నింపును. మొదటి విద్యార్థి ఆఱు మార్కులును మొదటి ఆఱుగురు విద్యార్థుల తెలుగు మార్కులై కూర్చుండును. మొత్తము సరిపోవును, సరాసరియు సరిపోవును, గదు లన్నియు నిండును. ప్రతి మార్కును పరుల యింట నుండును! రెండు ముఖముల పట్టికకైతే 'బైరో' యని చెప్పి అడ్డముగా నింపించు సదుపాయ మున్నది. మూడు ముఖములు గలదానికి అదియు లేదు. కొలతలను తలక్రిందుగా వ్రాసి నింపి, తరువాత 'ఏపెర్మ్' అను ఆజ్ఞచే ముఖముల క్రమమును మార్చుకొనవలెను.

సూచికల విషయమున మఱి రెండు ముక్కలు. ఈ భాష లెక్కను ఒకటితో మొదలుపెట్టును. ధాన్యము కొలుచునప్పుడు మన రైతు ఒకటి యనక 'లాభము' అని యారంభించినను అదియు ఒకటియే. సి భాషయు, పైథాన్ భాషయు సున్నతో మొదలుపెట్టును. అక్కడ సూచిక యనగా మొదటినుండి ఎంత దూరమని అర్థము. ఆ అలవాటుతో వచ్చినవాడు ఆర్ భాషలో సున్న వ్రాసినచో కోపగించుకొనదు, ఏమియు ఈయదు, అంతే. ఋణసంఖ్య వ్రాసినచో ఆ గదిని వెలివేయుమని అర్థము: పద్య[-37, ] అనగా 37వ వాడు తప్ప తక్కిన 99 మంది. పైథాన్ భాషలో -1 అనగా కడపటిది. ఒకే గుర్తు ఒకచోట పిలుచును, ఒకచోట వెలివేయును. బాలురు తికమకపడుటలో వింత లేదు.

ఇక ముందు చెప్పెదమన్న కథ. మా పదవ తరగతి బాలుడొకడు, మంచి తెలివిగలవాడు, ఉపకారవేతనమునకు పేళ్లు పంపుటకై విద్యార్థుల సరాసరులను కట్టి యిచ్చెదనని పూనుకొనెను. ప్రథమ భాష ననుసరించి తరగతిని విడదీసి, ఒక్కొక్క గుంపును పట్టికనుండి వేఱుచేసి, మొదటి ముఖమున, అనగా విద్యార్థి వెంట విద్యార్థిగా, సరాసరి తీయుమని యంత్రమునకు చెప్పెను. తెలుగువారికి సరిగా వచ్చెను. ఉర్దూవారికిని వచ్చెను. హిందీని ప్రథమ భాషగా తీసికొన్నది ఉత్తరదేశమునుండి ఆ యేడే వచ్చిన బాలిక యొక్కతియే. ఆమెకు ఆఱు సరాసరులు వచ్చినవి. బాలుడు వానిలో మొదటిదానిని ఆమె పేరు కెదురుగా వ్రాసి, తక్కినవి యేవో పొరపాటున ముద్రింపబడినవనుకొని కొట్టివేసెను.

కాగితము గోడకు అంటించిన దినముననే ఆ బాలిక మాకడకు వచ్చి, "సార్, కాగితములో నా పేరు కింద ఆఱు లెక్కలున్నవి. అయిదు కొట్టివేసినారు. నేను ఒక్కదాన్నే కదండీ?" అని యడిగెను.

జరిగిన దిది. ఒక ముఖమున ఒక్కటే మిగిలినప్పుడు ఆర్ భాష ఆ ముఖమే అనవసరమని దానిని తుడిచివేయును. 40, 6, 3 కొలతల పట్టికనుండి పదుగురిని తీసికొన్న 10, 6, 3 కొలతల పట్టిక వచ్చును. ఒక్కరిని తీసికొన్న 1, 6, 3 రాదు. 6, 3 వచ్చును. విద్యార్థి యను ముఖము మాయమై విషయము మొదటి ముఖమైనది. మొదటి ముఖమున సరాసరి తీయుమనగా యంత్రము విషయముల సరాసరులను తీసి యిచ్చెను. అది చెప్పినట్లే చేసినది. ఆమె పేరు కెదురుగా వ్రాసిన సంఖ్య తెలుగులో ఆమె సరాసరి. అప్పుడప్పుడే అక్షరములు నేర్చుకొనుచున్న భాషలో. తక్కిన అయిదు విషయములును లెక్కలోనికి రాలేదు. కాగితము పై కార్యాలయమునకు పోవుటకు మూడు దినములు వ్యవధి యుండెను కావున సవరింపబడెను.

దీనికి మందు చిన్నదే. కామాల తరువాత 'డ్రాప్ = ఫాల్స్' అని చేర్చినచో ఒక్కరే యున్నను ముఖము నిలుచును. ఈ తుడిచివేతను భాషవారు సౌకర్యముగా నుద్దేశించిరి. ఒక అడ్డువరుసను తీసికొన్నవాడు వట్టి వరుసనే కోరునని వారి తలంపు. చేతితో ఒక్కొక్క ఆజ్ఞను కొట్టుచు జవాబును కన్నులార చూచుకొనువానికి అది సౌకర్యమే. కాని ఒకసారి వ్రాసి పదిమారులు నడిపించు కార్యక్రమమున, ఎప్పుడో ఒకప్పుడు గుంపులో ఒక్కరే మిగులుదురు. పదుగురితో పరీక్షించి బాగున్నదనుకొన్నది ఆ ఒక్కరికడ చెడును. పెట్టుట మఱచినను నిలిచియుండునట్లు మొదటినుండియే చేసియుండిన బాగుగా నుండెడిదని మా అభిప్రాయము.

ఇట్టిదే, ఇంతకంటె పెద్దది, ఈ భాషతోపాటు ప్రతివారి యంత్రమునకును వచ్చు ఒక పట్టికలో నున్నది. దాని పేరు యూసీబీ అడ్మిషన్స్. 1973వ సంవత్సరమున అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఉన్నత విద్యకై దరఖాస్తు చేసినవారి లెక్క, ఆఱు పెద్ద శాఖలకు సంబంధించినది. మొదటి ముఖము ఫలితము: చేర్చుకొనబడినవారు, నిరాకరింపబడినవారు. రెండవది పురుషులు, స్త్రీలు. మూడవది ఏ నుండి ఎఫ్ వఱకు ఆఱు శాఖలు. 2, 2, 6 కొలతలు, 24 గదులు, 4,526 మంది మనుష్యులు. [1, 2, 3] అని పిలిచినచో సి శాఖలో చేర్చుకొనబడిన స్త్రీలు 202 మంది. వరుసలో ఇది 11వ గది. పైన చెప్పిన లెక్కతో చదువరులే సరిచూచుకొనవచ్చును. ఈ పట్టికకు ముఖములయందు పేళ్లును వ్రాయబడియున్నవి గనుక సంఖ్యలకు మారుగా "అడ్మిటెడ్", "ఫీమేల్", "సి" అని పేళ్లతోనే పిలువవచ్చును. మేము మా విద్యార్థులను పేళ్లతోనే పిలువుమని బలవంతపెట్టుదుము.

మూడవ ముఖమును కూడి అణచివేసి, శాఖ లేవో చూడక మొత్తము చూచినచో, పురుషులు 2,691 మందిలో 1,198 మంది చేర్చుకొనబడిరి, నూటికి 44.5. స్త్రీలు 1,835 మందిలో 557 మంది, నూటికి 30.4. ఇంత తేడా చూచి అన్యాయము జరిగినదనుట సహజము. ఇప్పుడు మూడవ చోటున ఒక్కొక్క శాఖను వ్రాసి చూడుడు. ఏ శాఖలో పురుషులు 825 మందిలో 512, నూటికి 62. స్త్రీలు 108 మందిలో 89, నూటికి 82. బి, డి, ఎఫ్ శాఖలయందును స్త్రీలదే కొంచెమో గొప్పో పైచేయి. సి, ఇ శాఖలయందు మాత్రము పురుషులు కొలదిగా మిన్న. మొత్తమున కనబడిన ఆ పెద్ద తేడా ఏ శాఖలోను లేదు!

గదులలోని సంఖ్య ఒక్కటియు మాఱలేదు. మఱి తేడా యెక్కడనుండి వచ్చెను? తలుపులు తెఱచియున్న ఏ, బి శాఖలకు పురుషులు 1,385 మంది దరఖాస్తు చేయగా స్త్రీలు 133 మందియే చేసిరి. నూటికి ఆఱేడుగురికి మాత్రమే చోటుగల ఎఫ్ శాఖకు ఉభయులును దాదాపు సమముగా పోయిరి. పీటర్ బికెల్, యూజీన్ హామెల్, విలియం ఓకానెల్ అను మువ్వురు పండితులు విశ్వవిద్యాలయపు దరఖాస్తుల నెల్ల పరిశీలించి 1975లో 'సైన్స్' పత్రికయందు ఈ విషయమును విపులముగా వ్రాసిరి. శాఖలను కలిపివేసినప్పుడు ఇట్లు తలక్రిందగుట గణాంకవేత్తలకు క్రొత్త కాదు. 1951లో సింప్సన్ అను నాయన దీనిని గూర్చి వ్రాసిన వ్యాసమునుబట్టి దీనికి ఆయన పేరు వాడుకలోనికి వచ్చినది.

దీనిని తరగతిలో చూపించినప్పుడు బాలురు సంతోషించిరి. అన్యాయము లేదని తేలెను గదా యని. ముందు చెప్పిన ఆ బాలిక మాత్రము లేచి, "సార్, ఆ మొదటి రెండు శాఖలకు ఆడవాళ్లు ఎందుకు పోలేదండీ?" అని యడిగెను. 24 గదులను ఎట్లు పిలిచినను దానికి జవాబు రాదు. ఆ పట్టికకు అట్టి ముఖము లేదు. పైన చెప్పిన మువ్వురును ఈ ప్రశ్నను విడువలేదు. సులభముగా ప్రవేశము దొరకు శాఖలు ముందు గణితము హెచ్చుగా చదివినవారిని కోరునవిగా నున్నవనియు, బాలికలు ఆ చదువునకు దూరమగుట విశ్వవిద్యాలయమునకు రాకమునుపే, ఇంటను బడిలోను జరుగుచున్నదనియు వారు అభిప్రాయపడిరి.

ఆమె మరుసటి వారము మా మార్కుల పట్టికను అడిగి తీసికొని, మొదటి చోటున బాలికల పేళ్లను, రెండవ చోటున "గణితము" అను మాటను వ్రాసి, మూడవ చోటు ఖాళీ విడిచి, చివర 'డ్రాప్ = ఫాల్స్' అని చేర్చెను. గత సంవత్సరముల పుస్తకములును కావలెనని అడుగుచున్నది. అవి యింకను కాగితము మీదనే యున్నవి. ఇద్దఱు బాలురు చదువుచుండగా ఆమె కొట్టుచున్నది.